తొమ్మిది మందీ ఒకే లైన్లో నిలబడాలా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లో ఆమె, భర్త, 13 ఏళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ. రెండు వీధుల అవతల బావగారి కుటుంబం: బావ, యారాలు, 15 ఏళ్ళ కొడుకు, 11 ఏళ్ళ కూతురు. పోయిన దసరా సెలవుల్లో ఒక ఆదివారం ఈ తొమ్మిది మందీ హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక థీమ్ పార్కుకు వెళ్ళారు. ఏడున్నరకు బయలుదేరి, భువనగిరిలో టిఫిన్ చేసి, టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి లోపలికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. గేటు తెరిచింది పదకొండుకు. రోజంతా కలిపి ఎక్కినవి నాలుగే రైడ్లు. ఒకదానికి గంటకు పైగా నిలబడ్డాక, బాబు ఎత్తు చాలదని గేటు దగ్గర ఆపేశారు. వాడు ఏడ్చాడు, వాడితో పాటు ఆమె కూడా లైన్లోంచి బయటికి వచ్చేశారు. సాయంత్రం పార్కింగ్ దగ్గర అన్నదమ్ములిద్దరూ మాటామాటా అనుకున్నారు. తిరుగు దారిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఎండాకాలం సెలవులకు మళ్ళీ వెళ్దామంటున్నారు. అందరికీ ఫాస్ట్ ట్రాక్ టికెట్లు, అంటే ఎక్కువ డబ్బు కట్టి పొట్టి లైన్లో వెళ్ళేవి, కొనాలని భర్త అంటున్నారు. ‘యాదగిరిగుట్టకు పోతే స్పెషల్ దర్శనం టికెట్ కొంటలేమా?’ అన్నది ఆయన వాదన. ‘అంత దూరం పోయి డబుల్ పైసలు పెట్టుడు ఎందుకు? అమ్మకు వీల్ చైర్ తీసుకుంటే అందరినీ ముందుకు పంపిస్తరు’ అని బావగారు. ఒకరిని లైన్లో నిలబెడితే మిగతావాళ్ళం వచ్చి కలవొచ్చని యారాలు. భర్త ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి. బావగారి హార్డ్‌వేర్ షాపు ఆదివారం తప్ప మూయరు. కూతురేమో ‘మీరు పోయి రండి, నేను రాను’ అనేసింది. ‘లైన్ల గోల లేకుండా ఒక్కరోజు అందరం సంతోషంగా గడిపే దారి ఉందా? లేదంటే ఈ ప్రయాణమే మానుకోమంటారా?’ అని అడిగారు.

మానుకోమని నేను అనను. పిల్లలు ఈ వయసులో ఉండే కాలం తక్కువ. ఇంకో మూడు నాలుగేళ్ళకు మీ బావగారి అబ్బాయి ఇంటర్ అయిపోయి ఏ ఊళ్ళో చదువుతుంటాడో తెలియదు. వెళ్ళండి. అయితే మీరు ‘లైన్ల గోల’ అని ఒక్కమాటలో చెప్పినదాంట్లో మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

ముందుగా మొదటి గంట గురించి. పార్కు తెరిచిన తర్వాతి గంటలో పెద్ద రైడ్ల దగ్గర జనం తక్కువగా ఉంటారు. మధ్యాహ్నం గంటసేపు నిలబడాల్సిన చోట అప్పుడు పది పదిహేను నిమిషాల్లో ఎక్కేయొచ్చు. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు అది సులువుగా దొరుకుతుంది. 150 కిలోమీటర్ల దూరం నుంచి వెళ్ళే మనకు దాన్ని పట్టుకోవడం కష్టం. మీరు పోయినసారి పోగొట్టుకున్నది ఆ గంటనే. నాలుగు రైడ్లకే పరిమితం కావడానికి సగం కారణం అక్కడే ఉంది.

దీన్ని దక్కించుకోవడానికి రెండు దారులున్నాయి. ఆరు గంటలకల్లా బండి కదిలేలా చూసుకుని, టిఫిన్ ఇంట్లోనే కట్టుకుని దారిలో తినేయడం ఒకటి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కోరు. వండర్‌లా పార్కుకైతే రావిర్యాల దగ్గర, రామోజీ ఫిల్మ్ సిటీకైతే పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాలి. దారిలో ఆగినా గేటు తెరిచే వేళకు అక్కడ ఉంటారు. రెండోది, ముందు రోజు సాయంత్రమే వెళ్ళి ఉప్పల్, ఎల్బీనగర్ వైపు చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళింట్లో పడుకోవడం. తొమ్మిది మంది ఒకరింట్లో దిగడం వాళ్ళకు భారమే, అదీ ఆలోచించండి. నలుగురైదుగురైతే పర్వాలేదు. ఏ దారిలో వెళ్ళినా టికెట్లు ఆన్‌లైన్లో ముందే కొనేయండి. కౌంటర్ దగ్గర నిలబడే లైను ఒకటి అక్కడికక్కడే తగ్గిపోతుంది.

ఇక రోజు సంగతి. ఆదివారం వెళ్తే ఆదివారం జనమే ఉంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. బావగారి షాపు, మీ ఆయన బ్యాంకు, ఇద్దరికీ కుదిరేది ఆ ఒక్కరోజే కాబట్టి మీకు ఆదివారం తప్పడం లేదు. వేలాది కుటుంబాలదీ ఇదే పరిస్థితి, అందుకే ఆ రోజు అక్కడ అంత జనం. సోమవారం ఉద్యోగాలకు తిరిగి వెళ్ళేవాళ్ళతో మన హైవే పొద్దున్నే కిక్కిరిసి ఉంటుంది. మంగళ, బుధ, గురువారాలు మేలు. చాలామంది మర్చిపోయే విషయం ఇంకోటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలు రోజుల్లో కూడా స్కూళ్ళ, కాలేజీల ఎక్స్‌కర్షన్ బస్సులు వస్తాయి. ఒక్క స్కూలు రెండు మూడు బస్సుల్లో దిగితే ఏ రైడ్ దగ్గరైనా లైను అమాంతం పెరిగిపోతుంది. బుధవారమే కదా ఖాళీగా ఉంటుందని ధీమాగా వెళ్ళి ఆ రోజుల్లో దెబ్బతినొద్దు.

నన్నడిగితే జూన్ రెండో సగాన్ని చూడండంటాను. మృగశిర వచ్చేసరికి ఎండ కాస్త తగ్గుతుంది. మన రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు, ఆ తర్వాత పార్కులు మే నెల రద్దీ నుంచి తేరుకుంటాయి. పిల్లలు ఒక్కరోజు బడి మానాలి. బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒక్కరోజు పోతే చదువు పాడవదు. పిల్లల్లో ఎవరిదైనా వచ్చే ఏడు పదో తరగతైతే మాత్రం స్కూలువాళ్ళతో ఒకమాట చెప్పి వెళ్ళండి. ఉరుములు మెరుపులు ఉంటే ఎత్తయిన రైడ్లను కాసేపు ఆపేస్తారు, కాబట్టి ముందు రోజు వాతావరణం చూసుకోండి. సెలవుల్లోనే వెళ్ళాలనుకుంటే మేలో కూడా మంగళ, బుధవారాలు ఆదివారం కంటే ఎంతో నయం. కానీ మే ఎండలో అత్తమ్మను రోజంతా తిప్పడం నాకు అసలు ఇష్టం లేదు. షుగర్, బీపీ సంగతి మీరు రాయలేదు. అవి ఉంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు, ఆమెను మే నెలలో తీసుకెళ్ళొద్దు.

ఫాస్ట్ ట్రాక్ గురించి మీ ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. డబ్బు కట్టి తక్కువసేపు నిలబడటం మోసం కాదు, పార్కువాళ్ళే అమ్ముతున్న టికెట్ అది. కానీ తొమ్మిది టికెట్లు ఎందుకు? అత్తమ్మ ఎక్కేది రెండో మూడో. బాబును పెద్ద రైడ్లకు ఎలాగూ రానివ్వరు. అతన్ని చూసుకుంటూ మీలో ఒకరు ఉండాల్సిందే. అంటే ఆ టికెట్‌తో నిజంగా లాభం పడేది పెద్ద పిల్లలు ముగ్గురు, వాళ్ళతో వెళ్ళే ఒక పెద్ద మనిషి. నలుగురికి కొంటే సరిపోతుంది. కొనే ముందు అది ఏయే రైడ్లకు చెల్లుతుంది, ఒక్కో రైడ్‌కు ఎన్నిసార్లు అన్నది చదవండి. జనం లేని రోజున అది కొనడం డబ్బు పారేసుకోవడమే. అంటే ఆదివారమైతే కొనడంలో అర్థముంది, జూన్‌లో బుధవారమైతే అవసరం రాకపోవచ్చు.

ఇక్కడ డబ్బు కంటే పెద్ద చిక్కు ఒకటుంది. మీ అమ్మాయికి కొని, బావగారి పిల్లలకు వాళ్ళ నాన్న కొనకపోతే? ఒకే ఇంటి పిల్లలు రెండు లైన్లలో నిలబడతారు. ఆ 15 ఏళ్ళ అబ్బాయి పైకి ఏమీ అనడు, కానీ ఆ రోజు అతనికి గుర్తుండిపోతుంది. మీరే వాళ్ళకు కూడా కొంటే బావగారికి చిన్నతనంగా అనిపించవచ్చు. కాబట్టి పిల్లల ముగ్గురికీ ఒకే రకం టికెట్ ఉండాలి, ఆ విషయం ఇంటి దగ్గరే తేలిపోవాలి. ‘పిల్లల ఫాస్ట్ ట్రాక్ మాది, బండి డీజిల్, టోల్ మీది’ అన్నట్టు పంచుకుంటే ఎవరి మాటా పోదు. అది కుదరకపోతే ఎవరికీ వద్దు.

వీల్ చైర్ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెప్తాను. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు నిజం. ఆ పార్కుల్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడవాలంటే మామూలు మనుషులకే కాళ్ళు లాగుతాయి. ఆమె కోసం వీల్ చైర్ అడగండి, మొహమాటపడొద్దు. ఆమె ఎక్కాలనుకున్న రైడ్ దగ్గర ఆమెను, తోడుగా ఒకరిని ముందుగా పంపితే అది ఆమె హక్కు. ఆమె పేరు చెప్పి తొమ్మిది మంది ముందుకు పోవడం మాత్రం వేరే సంగతి. ఎక్కని రైడ్ దగ్గరికి కూడా ఆమెను తిప్పడం, లైన్లో ఉన్నవాళ్ళందరూ ఆమె వైపు చూస్తుండటం, ఈ రెండూ ఆ పెద్దావిడ మీదే పడతాయి. బావగారు తల్లి మీద ప్రేమ లేక అలా అనలేదు, ఖర్చు తగ్గుతుందని అన్నారు. కానీ ఇలాంటివి పెరిగితే ఏమవుతుందో బయట జరిగిందే ఉంది. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో వికలాంగులకు ఉన్న సౌకర్యాన్ని అవసరం లేనివాళ్ళు వాడుకోవడం ఎక్కువై, 2013లో ఆ పాత పద్ధతినే మార్చేశారు. కొత్త పద్ధతిలో నేరుగా ముందుకు పంపడం లేదు, తిరిగి రావాల్సిన వేళ రాసి ఇచ్చారు. నిజంగా అవసరమున్న కుటుంబాలే ఇబ్బంది పడ్డాయి.

ఒకరిని నిలబెట్టి ఎనిమిది మంది వచ్చి కలవడం కూడా అలాంటిదే. చిన్నపిల్లాణ్ణి బాత్రూమ్‌కు తీసుకెళ్ళి తిరిగి లైన్లోకి వస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక్కసారిగా ఎనిమిది మంది దూరితే వెనక ఉన్నవాళ్ళు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పని కూడా లేదు. వాళ్ళ వెంట కూడా ఆరేళ్ళ పిల్లలుంటారు. మీ పిల్లల ముందు అపరిచితులతో గొడవ పడాల్సి వస్తే ఆ రోజు మళ్ళీ పోయినట్టే.

మరి ఏం చేయాలి? నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇది. ప్రతి రైడ్‌కూ తొమ్మిది మందీ కలిసే నిలబడాలన్న పట్టుదల వదిలేయండి. కలిసి వెళ్ళండి, కలిసి తినండి, కలిసి తిరిగి రండి. మధ్యలో రెండు గుంపులుగా విడిపోండి. పెద్ద పిల్లలు ముగ్గురూ, మీ ఆయనో బావగారో ఒక గుంపు. బాబు, అత్తమ్మ, మిగతావాళ్ళు ఇంకో గుంపు. పోయినసారి మీ ఇంట్లో జరిగిన గొడవ లైను పొడుగు వల్ల వచ్చిందని నాకు అనిపించడం లేదు. నొప్పులతో నిలబడిన అత్తమ్మ, ఎత్తు చాలని బాబు, ఎక్కువ ఎక్కాలని ఆరాటపడే అమ్మాయి, ఖర్చు లెక్కపెట్టుకుంటున్న బావగారు, వీళ్ళందరినీ ఒకే కడ్డీల మధ్య గంటసేపు నిలబెట్టారు. ఎవరి కష్టం వాళ్ళకు పెద్దదై సాయంత్రం బయటికి వచ్చింది.

బాబు విషయంలో ఒక చిన్న పని ముందు రోజు రాత్రే చేయండి. గోడకు నిలబెట్టి టేపుతో కొలవండి. ఆరేళ్ళ పిల్లలు మామూలుగా 110 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉంటారు. పెద్ద రైడ్లకు చాలాచోట్ల 140 అడుగుతారు, కొన్నిటికి 120. పార్కువాళ్ళ పేజీలో ఏ రైడ్‌కు ఎంతో ఉంటుంది. బాబు ఎక్కగలిగేవి రాసిపెట్టి, ‘ఇవన్నీ నీవి’ అని వాడికి ముందే చూపించండి. బావగారి అమ్మాయిని కూడా కొలవండి, 11 ఏళ్ళ పిల్ల సరిగ్గా ఆ గీత దగ్గర ఉండొచ్చు. బూట్లలో ఏదో పెట్టి ఎత్తు చూపించే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. భుజాల మీద, తొడల మీద బిగించే ఆ పట్టీలు ఒక కొలత ఒంటికి తగ్గట్టు తయారుచేసినవి. చిన్న ఒళ్ళు వాటిలోంచి జారిపోవచ్చు.

లోపలికి వెళ్ళాక ఏది ముందు, ఏది తర్వాత అన్నది చాలా తేడా తెస్తుంది. మన దగ్గరి పార్కుల్లో పొడి రైడ్లు ముందు మొదలవుతాయి, నీళ్ళవి మధ్యాహ్నం దగ్గర్లో తెరిచి సాయంత్రం ముందే మూసేస్తారు. సరైన వేళలు మీరు వెళ్ళే రోజుకు చూసుకోండి. గేటు తెరవగానే జనం ఎదురుగా కనిపించిన మొదటి రైడ్ దగ్గర ఆగిపోతారు. మీ పెద్ద పిల్లల గుంపు ఆగకుండా నేరుగా లోపల ఉన్న పెద్ద రోలర్ కోస్టర్ దగ్గరికి వెళ్ళాలి, తర్వాత రెండో పెద్దది. నీళ్ళు తెరవగానే స్లైడ్లు. ట్యూబుల మీద జారే స్లైడ్లలో ఒకరు కిందికి చేరాకే ఇంకొకరిని వదులుతారు కాబట్టి లైను నెమ్మదిగా కదులుతుంది, అవి ముందు అయిపోవాలి. వేవ్ పూల్‌కు లైనే ఉండదు, దాన్ని చివరికి ఉంచుకోండి. అత్తమ్మ, బాబు, మీరు అందరూ కలిసి గడపడానికి కూడా అదే మంచి చోటు. భోజనం పన్నెండుకు ముందో, రెండున్నర తర్వాతో పెట్టుకోండి. ఒంటిగంటకు హోటల్ దగ్గర నిలబడే లైను ఏ రైడ్‌కూ తీసిపోదు. నీళ్ళు మూసేశాక అందరూ బట్టలు మార్చుకుని ఒక్కసారిగా పొడి రైడ్ల మీద పడతారు. ఆ వేళకు మీ పెద్ద రైడ్లు అయిపోయి ఉంటే ఇక తొందర ఉండదు.

బట్టల సంగతి మీ యారాలికి కూడా చెప్పండి. నీళ్ళలోకి నూలు బట్టలు ఒప్పుకోరు, పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి, స్లైడ్ మీద పట్టేస్తాయి. నైలాన్ లెగ్గింగ్స్, టీషర్టులు హనుమకొండలోనే కొని తీసుకెళ్తే అక్కడి షాపులో ఒక లైను, ఖర్చు రెండూ తప్పుతాయి. లాకర్ అందరికీ కలిపి ఒకటో రెండో చాలు.

లైన్లో నిలబడక తప్పనప్పుడు లెక్క వేయడం పిల్లలకు నేర్పండి. ఒక రైడ్‌లో 20 మంది కూర్చుంటారు, దింపి, ఎక్కించి, పట్టీలు చూసి, తిప్పి తీసుకురావడానికి నాలుగు నిమిషాలు పడుతుందనుకోండి. గంటకు 300 మంది. మీ ముందు 200 మంది ఉంటే 40 నిమిషాలు. లైను పొడుగు చూసి భయపడొద్దు, ఒక్కో విడతకు ఎంతమంది వెళ్తున్నారో చూడండి. పొడుగ్గా కనిపించే లైను కొన్నిసార్లు పొట్టిదానికంటే ముందు కదులుతుంది. వేచి ఉండటం గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఒకటి బాగా పేరున్నది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసినదానికంటే పొడుగ్గా అనిపిస్తుందని, చేతిలో పని లేకుండా నిలబడితే ఇంకా పొడుగ్గా తోస్తుందని అందులో ఉంది. ‘ఇంకో రెండు నిమిషాలే’ అని బాబుకు చెప్పొద్దు. 40 నిమిషాలని చెప్పండి, కాదంటే వేరేదానికి వెళ్దామా అని అడగండి.

ఇప్పుడు మీ ముందున్నవి ఇవి. ఆదివారమే అందరూ వెళ్తామంటే వెళ్ళొచ్చు. మొదటి గంట పట్టుకుని, విడిపోయి తిరిగి, పెద్ద పిల్లలకు ఫాస్ట్ ట్రాక్ కొంటే వాళ్ళ రోజు నిండుగా గడుస్తుంది. పెద్దవాళ్ళకు మాత్రం నాలుగైదుకు మించి దొరకవని ముందే ఒప్పుకుని వెళ్ళాలి. రెండోది, జూన్‌లో ఒక బుధవారం మీ ఆయన సెలవు పెట్టి, బావగారి పిల్లలను, వీలైతే యారాలిని కూడా మీతో తీసుకెళ్ళడం. ఖర్చు తక్కువ, రైడ్లు ఎక్కువ. షాపు వల్ల బావగారు, మోకాళ్ళ వల్ల అత్తమ్మ ఉండరు, ఆ వెలితి ఉంటుంది. దానికి వేరే ఆదివారం తొమ్మిది మందీ రామప్ప, లక్నవరం వెళ్ళి రండి. రామప్ప గుడి ఉన్న పాలంపేట దూరం కాదు, యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, అత్తమ్మ తనకు వీలైనంతే నడిచి మిగతాసేపు కూర్చోవచ్చు. లక్నవరంలో పిల్లలకు వేలాడే వంతెన ఉంది. మూడోది రామోజీ ఫిల్మ్ సిటీ. అక్కడ తిరగడం ఎక్కువగా బస్సుల్లోనే, షోలు చెప్పిన వేళలకు ఉంటాయి, పెద్దవాళ్ళకు సుఖం. రోలర్ కోస్టర్ల కోసం ఎదురుచూస్తున్న 13 ఏళ్ళ, 15 ఏళ్ళ పిల్లలకు అది చాలకపోవచ్చు. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతోంది. కానీ అత్తమ్మకు ‘నన్ను వదిలేసి పోయారు’ అనిపిస్తుందేమో మీకే బాగా తెలుసు. అనిపిస్తుందంటే మొదటిదే చేయండి.

మీ అమ్మాయిని బతిమాలొద్దు, ‘రాకపోతే నీ ఇష్టం’ అని వదిలేయొద్దు కూడా. ఆమె పోయినసారి ఎంతో ఆశపడి వెళ్ళి రోజంతా పెద్దవాళ్ళ కోపతాపాలు చూసింది. పార్కు మ్యాపు ఆమె చేతికీ, అన్నయ్య చేతికీ ఇచ్చి, ఏ రైడ్ ముందో ఏది తర్వాతో రాసిపెట్టే పని వాళ్ళకు అప్పగించండి. వాళ్ళు రాసినదాన్ని ఆ రోజు పెద్దవాళ్ళు మార్చకుండా ఉంటే చాలు, ఆమె వస్తుంది.

బావగారితో మీరు నేరుగా మాట్లాడటం కష్టమైతే ముందు యారాలితో కూర్చోండి. వీల్ చైర్ మాట ఆమె దగ్గర ఎత్తొద్దు, అది మీ ఆయన తన అన్నతో విడిగా చెప్పుకోవాల్సిన మాట. తేదీ, టికెట్ల పంపకం, బండి, ఈ మూడు విషయాలే తేల్చుకోండి. బండికి డ్రైవర్‌ను మాట్లాడుకోవడం కూడా అందులో కలపండి. రోజంతా నీళ్ళలో, ఎండలో తిరిగినవాళ్ళు రాత్రిపూట 150 కిలోమీటర్లు నడుపుకుంటూ రావడం మంచిది కాదు. మీ ఆయనకు బ్యాంకులో సెలవు దొరకాలంటే ముందుగానే అడగాలి కాబట్టి, ఈ మాటలు ఈ వారంలోనే మొదలుపెట్టండి.